ఒంటి బొమ్మ మీద ఎర్ర సున్నా

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు గడియారమ్మ చెయ్యి ఆమె మాట వినలేదు.

అంతకుముందు పద్నాలుగేళ్లు విన్నది. మంచాన పడ్డవాళ్లను ఎత్తింది, తిప్పింది, తుడిచింది, తినిపించింది. ఉమ్మితే కడిగింది, కొడితే కాచుకుంది. ఏజెన్సీ ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి వెళ్లి, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పగటి డ్యూటీ చేసి వచ్చింది. ఎనిమిదికి రమ్మంటే ఏడూ యాభైకి గుమ్మంలో ఉంటుంది. ఏ మాత్ర ఎన్నింటికి వేసిందీ, పేషెంటును ఎన్నింటికి పక్కకు తిప్పిందీ గోడ వంక చూడకుండా చెబుతుంది. అందుకని తోటి అటెండెంట్లు ఆమెకు ఆ పేరు పెట్టారు. ఇంట్లో భర్త, వెల్డింగ్ పనివాడు, దాన్నే ఇంకో రకంగా అనేవాడు: "ఏమిటే, నిద్రలో నన్ను కూడా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నావు. నాకింకా పుళ్లు పడలేదు, వదిలెయ్."

ఆ మంగళవారం ఆమె ఉన్నది ఒక మూడో అంతస్తు ఫ్లాటులో, వీధి వైపు గదిలో. ఇనప మంచం, దానికి రెండు పక్కలా కడ్డీలు, పరుపు మీద రబ్బరు షీటు, గోడకు గడియారం, ఎంత తుడిచినా పోని ఫినాయిల్ వాసన. మంచం మీద టీచరమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్పై ఆరేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి ఇప్పుడు తన కూతురు ఎవరో తెలియదు. ఆ కూతురు కింద వీధిలోనే మందుల షాపు నడుపుతుంది. తొమ్మిదికి షట్టరు ఎత్తిందంటే మళ్లీ ఒంటిగంటకు ఒకసారి పైకి వచ్చి తల్లిని చూసి వెళుతుంది.

ఆ పూట దుప్పటి మార్చడం అది నాలుగోసారి. గడియారమ్మకు సెలవు లేకుండా అది పందొమ్మిదో రోజు. వారానికొక సెలవు ఉండాలని కాగితం మీద ఉంది. ఆ రోజుకు బదులు మనిషి, రిలీవర్, వస్తేనే సెలవు. రిలీవర్ ఏదీ అని అడిగితే ఏజెన్సీ సూపర్‌వైజరు "పంపిస్తున్నామమ్మా, దార్లో ఉంది" అనేవాడు. పందొమ్మిది రోజులుగా ఆ రిలీవర్ దార్లోనే ఉంది.

తడిసిన దుప్పటి లాగుతుంటే టీచరమ్మ ఆమె జుట్టు పట్టుకుంది. పిడికిలి నిండా పట్టుకుని గుంజింది. "దొంగా, నా చీరలు ఎక్కడ పెట్టావు" అంది. గడియారమ్మ ఆవిడ ఎడమ జబ్బను ఒడిసి పట్టుకుంది. ఆవిడ జుట్టు వదిలింది. జబ్బ మీద గడియారమ్మ పట్టు మాత్రం వదల్లేదు. ఇంకా బిగిసింది. ఒకటి, రెండు, మూడు. లెక్క ఆమెకు అలవాటు గనక ఎన్ని క్షణాలో ఆమెకే తెలుసు. ఆ మూడు క్షణాలూ ఒళ్లంతా హాయిగా అనిపించింది. తరవాత ఆమెను నెలల తరబడి వణికించింది ఆ హాయే.

టీచరమ్మ కేకపెట్టలేదు. మోకాళ్లు ముడుచుకుని, బడిలో చిన్న పిల్లలాగా తల వంచుకుంది.

"సారీ టీచర్" అంది. "ఇంకెప్పుడూ చెయ్యను టీచర్."

గడియారమ్మ వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి అద్దింది. పది నిమిషాల్లో మచ్చ తేలింది. నాలుగు వేళ్లు ఒక పక్క, బొటనవేలు ఒక పక్క. ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. ఆ చేతిని ఆమె ఎరుగును. చిన్నప్పుడు వాళ్ల నాన్న అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. వచ్చి జబ్బ పట్టుకునేవాడు, అంతే. ఎండాకాలంలో కూడా అక్కాచెల్లెళ్లు పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని బడికి వెళ్లేవాళ్లు. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ చెయ్యి మాత్రం తనకు అంటించి వెళ్లాడని ఆ మధ్యాహ్నం మొదటిసారి తెలిసింది.

ఇక్కడ ఒంటి బొమ్మ సంగతి చెప్పాలి. మంచాన ఉన్న మనిషి ఒంటి మీద ఏ కమిలిన మచ్చ ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే తగువు వస్తుంది. అందుకని ఏజెన్సీవాళ్లు ఒక కాగితం ఇస్తారు. దాని మీద మనిషి ముందు వైపు, వెనక వైపు గీత బొమ్మలు ఉంటాయి, ఒక రోజుకు రెండు గడులు. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కలిసి పేషెంటు ఒళ్లంతా చూసి, కొత్త మచ్చ ఉంటే బొమ్మ మీద ఆ చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. పొద్దున గడిలో సున్నా ఉంటే అది రాత్రి డ్యూటీ ఆవిడ లెక్క. రాత్రి గడిలో ఉంటే పగటి డ్యూటీ ఆవిడ లెక్క.

ఇది పద్ధతి. నడిచేది వేరు. రాత్రి డ్యూటీ ఆవిడను అందరూ గుసగుసక్క అంటారు. ఎనిమిదేళ్లుగా నిద్రపోయేవాళ్ల పక్కన మాట్లాడీ మాట్లాడీ పట్టపగలు రోడ్డు మీద కూడా గుసగుసగానే మాట్లాడుతుంది. కూరగాయల బండివాడు ఆమెతో బేరమాడాలంటే బండి వదిలి వచ్చి చెవి ఒగ్గాలి. ఆమె ఎక్కాల్సిన బస్సు ఎనిమిదీ పదికి ఉంది. అది పోతే మళ్లీ తొమ్మిదింబావుకే. అందుకని పొద్దున పూట ఒళ్లు చూడకుండానే ఇద్దరూ సంతకాలు పెట్టేసేవాళ్లు. "నీ మాటే నాకు బొమ్మ, చెల్లీ" అనేది గుసగుసక్క చెప్పులు వేసుకుంటూ. రెండేళ్లుగా అలాగే జరుగుతోంది. ఒకరినొకరు నమ్మడం తప్ప ఆ ఉద్యోగంలో వాళ్లకు దొరికిన సుఖం ఇంకొకటి లేదు.

మంగళవారం పొద్దున గడిలో ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. బొమ్మ మీద ఏమీ లేదు.

నాలుగు గంటలకు గడియారమ్మ ఎర్ర పెన్ను తీసి, ఆ పొద్దుటి గడిలో, బొమ్మ ఎడమ జబ్బ మీద, చిన్న సున్నా చుట్టింది.

చుట్టాక కాగితాలను గోడ మేకుకు మళ్లీ తగిలించింది.

రాత్రి ఎనిమిదికి గుసగుసక్క వచ్చింది. చేతిసంచీ కుర్చీకి తగిలించి, బొమ్మ తీసి చూసింది.

"ఇదేమిటి చెల్లీ, పొద్దున చూశావా? నాకు చెప్పలేదే."

"నువ్వు బస్సుకు పరిగెత్తావు కదక్కా. తరవాత ఒళ్లు తుడుస్తుంటే కనిపించింది."

గుసగుసక్క టీచరమ్మ చెయ్యి పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ 'కాదు' అంటుందనీ, 'రాత్రి లేదే' అంటుందనీ, అప్పుడు ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకుని గడియారమ్మ నిలబడింది.

"నేనే అయ్యుంటాను" అంది గుసగుసక్క. "నిన్న రాత్రి రెండింటికి తిప్పేటప్పుడు కళ్లు మూసుకుపోతున్నాయి. ఎక్కడ పట్టుకున్నానో ఎలా పట్టుకున్నానో గుర్తు లేదు."

గడియారమ్మ రాత్రి గడిలో తన సంతకం పెట్టి, పెన్ను ఆవిడ చేతికిచ్చింది.

మర్నాడు మందుల షాపు మేడమ్ తల్లికి జాకెట్టు మారుస్తూ మచ్చ చూసింది. గురువారం సూపర్‌వైజరు వచ్చాడు. బొమ్మ చూశాడు, రాత్రి డ్యూటీ అని తేల్చాడు. పనిలోంచి తీసేయాలి, ఏజెన్సీలన్నీ ఒకరికొకరు పంపుకునే జాబితాలో పేరెక్కించాలి. ఆ జాబితాకు ఎక్కితే ఇక ఏ ఇంటి గుమ్మమూ తొక్కనివ్వరు. అయితే వెంటనే తీసేయడానికి లేదు. రాత్రికి ఇంకో మనిషి దొరకాలి. చేయి చేసుకుందని తామే అంటున్న మనిషిని, ఇంకొకరు దొరికే దాకా అదే మంచం పక్కన ఉంచారు. మేడమ్ నోరు తెరవబోతే, "మనుషులు దొరకడం లేదు మేడమ్, మా వంతుగా ఇద్దరికీ ట్రైనింగ్ ఇప్పిస్తున్నాం" అన్నాడు. గడియారమ్మను కూడా కలిపింది, చూడటానికి న్యాయంగా ఉంటుందని.

ఆ ట్రైనింగ్ ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట; ఆ గంటా మేడమే పైకి వచ్చి తల్లి దగ్గర కూర్చునేది. ఏజెన్సీ ఆఫీసు వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ముందర ఒక కౌన్సిలర్ మేడమ్. చిన్న వయసు, మెత్తని మాట. దయ అనేది పుట్టుకతో వచ్చి ఊరుకునేది కాదనీ, మెదడుకు కసరత్తు చేయిస్తే పెరుగుతుందనీ, రోజూ కాసేపు చేస్తే ఎదుటివాళ్ల బాధ చూసి విసుక్కునే మనసు మెల్లగా దారి మార్చుకుంటుందనీ చెప్పింది. కళ్లు మూసుకుని ముందు మనకు ఇష్టమైన మనిషిని తలుచుకోవాలి. తరవాత ముక్కూ మొహం తెలియని మనిషిని. ఆ తరవాత మనల్ని విసిగించే మనిషిని. ముగ్గురికీ అవే మూడు మాటలు మనసులో చెప్పాలి: నీకు నొప్పి లేకుండా ఉండాలి. నీకు భయం లేకుండా ఉండాలి. నీకు కంటినిండా నిద్ర పట్టాలి.

"మూడోది మాకు ఇప్పించండి మేడమ్, మొదటి రెండూ మేం చూసుకుంటాం" అంది వెనక వరుసలోంచి ఒకావిడ.

"విసిగించే మనిషి అంటే సూపర్‌వైజరును పెట్టుకోవచ్చా మేడమ్?" అంది ఇంకొకావిడ.

"పెట్టుకో. ఆయనకు నిద్ర పట్టాలని మాత్రం కోరకు. ఇప్పటికే ఫోను ఎత్తడు."

గదంతా నవ్వింది. కౌన్సిలర్ మేడమ్ కూడా నవ్వింది. గుసగుసక్క నవ్వలేదు. కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆ రెండు చేతుల వంక చూసిన గడియారమ్మ కూడా నవ్వలేదు.

పన్నెండు గంటలు నిలబెట్టి, సెలవు ఎగ్గొట్టి, ఆపైన ఒక గంట దయ నేర్పించడం ఏజెన్సీకి చవగ్గా అయ్యే పని. నెలకు నలుగురు రిలీవర్లను పెట్టుకునే ఖర్చు కన్నా ఒక కౌన్సిలర్ మేడమ్ ఖర్చు తక్కువ. ఇది ఎవరైనా చెబుతారు. కానీ ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. అందువల్లే ఈ కథ ఇలా నడిచింది.

గడియారమ్మ ఆ కసరత్తును మంచి మనిషి కావాలని మొదలుపెట్టలేదు. భయపడి మొదలుపెట్టింది. గదిలోకి వెళ్లాలంటేనే భయం. ఆ చెయ్యి మళ్లీ ఎప్పుడు లేస్తుందో తెలియదు. అందుకని టీచరమ్మ గదిలోకి అడుగు పెట్టే ప్రతిసారీ ద్వారబంధం మీద కుడి అరచెయ్యి ఆనించి, మూడుసార్లు ఊపిరి తీసుకుని, ముగ్గురినీ తలుచుకునేది. ఇష్టమైన మనిషి, నర్సింగ్ చదువుతున్న తన కూతురు. తెలియని మనిషి, రోజూ తను ఎక్కే బస్సు డ్రైవరు. మొహం ఎప్పుడూ చూడలేదు, మెడ వెనక మడత మాత్రం తెలుసు. మూడో మనిషి టీచరమ్మ. రోజుకు ముప్పై సార్లు లోపలికి వెళితే ముప్పై సార్లు. మొదటి వారమంతా అవి ఒట్టి మాటలు. మందు చీటీ చదివినట్టు చదివేది.

గదిలో టీచరమ్మ ఆమెను చూడగానే ఎడమ చెయ్యి దుప్పటి కిందికి లాక్కునేది. "సారీ టీచర్" అనేది. ఒంటిగంటకు మేడమ్ పైకి వచ్చే అడుగుల చప్పుడు వినిపిస్తే గడియారమ్మ చేస్తున్న పని ఆపి గుమ్మం వైపు చూసేది. లిఫ్టు తలుపు మోగితే చేతిలో చెంచా జారేది. ఫోను మోగితే పోలీస్ స్టేషన్ నుంచేమో అనుకునేది. ఒకసారి మేడమ్ ఉండగానే టీచరమ్మ ఆ మాట అంది.

"ఎవర్ని టీచర్ అంటోంది అమ్మ?" అంది మేడమ్.

"ఏమో మేడమ్, పాత సంగతులు" అంది గడియారమ్మ. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమె తనే విన్నది.

రెండో వారంలో మాటలు ఒట్టి మాటలుగా ఉండటం మానేశాయి. ఎలా జరిగిందో ఆమె చెప్పలేదు. ఒక పొద్దున ద్వారబంధం దగ్గర 'నీకు భయం లేకుండా ఉండాలి' అనుకుంటుంటే, దుప్పటి కిందికి పోతున్న ఆ ఎడమ చెయ్యి కనిపించింది. రోజూ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం పొడుగు చేతుల జాకెట్టులో తన చెయ్యి కనిపించింది. గుమ్మంలో నాన్న నిలబడ్డాడు. నాన్న నిలబడ్డ చోట తను నిలబడి ఉంది. గదిలోకి వెళ్లి మంచం పక్కన స్టూలు వేసుకుని, తన కళ్లు టీచరమ్మ కళ్లకు కిందుగా ఉండేట్టు కూర్చుంది. "నేను టీచర్ని కాదమ్మా. మీరే టీచరు. నాకు ఎక్కాలు రావు, చెప్పండి" అంది. టీచరమ్మ అనుమానంగా చూసి, పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయింది. గడియారమ్మ అందించలేదు, నిజంగానే ఆమెకు రాదు.

మూడు రోజులకు ఎడమ చెయ్యి దుప్పటి మీదికి వచ్చింది. ఆమె కుడి చెయ్యి మళ్లీ బిగుసుకోలేదు. ఇక్కడితో అయిపోయి ఉంటే ఏజెన్సీవాళ్లు ఆమె ఫొటో గోడకు పెట్టుకునేవాళ్లు.

కసరత్తు ఒకసారి పట్టుకున్నాక, ఆమె ఎవరిని తలుచుకోవాలో అదే ఎంచుకోవడం మొదలుపెట్టింది. ద్వారబంధం మీద చెయ్యి పెట్టేసరికి కూతురు రావాల్సిన చోట గుసగుసక్క వచ్చేది. నీకు నొప్పి లేకుండా ఉండాలి, అనగలిగేది. నీకు భయం, అని అక్కడ ఆగిపోయేది. ఆ భయం పెట్టింది తను. ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి మరీ పెట్టింది.

గుసగుసక్కను చూడటానికే ఆమెకు భయం వేయసాగింది. ఆవిడ గోళ్లు మొదళ్ల దాకా కత్తిరించుకుంది. రబ్బరు తొడుగులు లేకుండా పేషెంటును ముట్టుకోవడం లేదు. ఇప్పుడు బస్సు పోయినా సరే, పొద్దున పూట ఒళ్లంతా చూపించి, "ఏమీ లేదు కదా చెల్లీ, సరిగ్గా చూడు, వీపు కూడా చూడు" అని రెండుసార్లు అడిగి గాని వెళ్లడం లేదు. మూడో గురువారం పొద్దున సంతకం పెడుతుంటే ఆవిడ కుడి మణికట్టు చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయిన చార కనిపించింది.

"ఇదేమిటక్కా?"

"ఏం లేదు. చేతిరుమాలుతో కుర్చీ కోడుకు కట్టుకుంటున్నాను. కునుకు పట్టినప్పుడు దానంతట అది వెళ్లకుండా."

"ఏది?"

"చెయ్యి" అంది గుసగుసక్క, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. "నువ్వు నవ్వుతావు గానీ చెల్లీ, మన లోపల ఏముందో మనకు తెలియదు. మా మనవరాలికి ఆరు నెలలు. దాన్ని ఎత్తుకోవడం మానేశాను. నా కోడలు అడుగుతోంది, ఏమత్తయ్యా, పిల్ల మీద అలిగావా అని. ఏమని చెప్పను?"

గడియారమ్మ ఆ పూట స్నానాల గదిలోకి వెళ్లి నీళ్లు వదిలి, ఆ చప్పుడులో గోడకు తల ఆనించుకుని నిలబడింది. చెబితే జాబితా. చెబితే పోలీసులు రావచ్చు. నర్సింగ్ కాలేజీలో కూతురికి తెలుస్తుంది, మీ అమ్మ ముసలావిడ జబ్బ నలిపిందట కదా అని. చెప్పకపోతే ఒక మనిషి బతికినన్నాళ్లూ తన చేతిని కట్టేసుకుని కూర్చుంటుంది. ఏది ఎక్కువ భయమో ఆమె తేల్చుకోలేకపోయింది. శనివారం మూడో క్లాసు అయింది. అప్పటికీ తేల్చుకోలేదు. ఆదివారం సూపర్‌వైజరు ఫోన్ చేసి, రాత్రికి కొత్త మనిషి దొరికిందనీ, సోమవారం పొద్దున వచ్చి గుసగుసక్క చేత కాగితం మీద సంతకం తీసుకుంటాననీ చెప్పాడు.

సోమవారం ఆమె ఎనిమిదీ అయిదుకు వెళ్లింది. పద్నాలుగేళ్లలో ఆలస్యం అదొక్కటే. బస్సు ఆలస్యం కాలేదు. మెట్లెక్కలేక మొదటి అంతస్తులో కూర్చుండిపోయింది.

పైన గదిలో మేడమ్ షాపు తాళాలు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. సూపర్‌వైజరు మంచం అంచున కాగితం పరిచాడు. 'నా అజాగ్రత్త వల్ల పేషెంటుకు గాయమైంది' అని ముందే రాసుకొచ్చాడు. గుసగుసక్క పెన్ను పట్టుకుంది. మణికట్టుకు చేతిరుమాలు ఇంకా కట్టే ఉంది, విప్పడం మరిచిపోయింది.

గడియారమ్మ ద్వారబంధం మీద అరచెయ్యి పెట్టింది. ఊపిరి ఒకటి. రెండు. మూడోది లోపలికి వెళ్లలేదు.

టీచరమ్మ ఆమెను చూసి నవ్వి, ఎడమ చెయ్యి చాచి, "టీచర్ ఆలస్యంగా వచ్చింది" అంది.

"ఏమిటో పాపం, అందరూ టీచర్లే ఆవిడకు" అన్నాడు సూపర్‌వైజరు. "కానివ్వమ్మా, సంతకం పెట్టు, మేడమ్‌కు షాపు టైమవుతోంది."

"ఆవిడ పెట్టకూడదు సార్" అంది గడియారమ్మ. "ఆ సున్నా పొద్దుటిది కాదు. నేను చేశాను."

వెనక్కి తగ్గడానికి ఇంకా చోటు ఉందని ఆమెకు తెలుసు. నడిచి వెళ్లి మేకుకు తగిలించిన బొమ్మ కాగితాలు తిరగేసి, ఆ మంగళవారం కాగితం తీసింది. పొద్దుటి గడిలో సున్నాను కొట్టేసింది. రాత్రి గడిలో, ఎడమ జబ్బ మీద కొత్త సున్నా చుట్టింది. పక్కన మూడూ పది అని రాసింది. సున్నా సరిగ్గా మూసుకోలేదు.

"జుట్టు పట్టుకున్నారు. విడిపించుకున్నాను. విడిపించుకున్నాక కూడా పట్టుకున్నాను, మూడు క్షణాలు. కావాలనే" అంది. "సాయంత్రం గుర్తు పొద్దుటి గడిలో పెట్టాను. అక్క ఏమీ చెయ్యలేదు."

మేడమ్ ముందుగా తల్లి మంచానికీ గడియారమ్మకూ మధ్యకు వచ్చి నిలబడింది. మాటలకన్నా ముందు ఆవిడ కాళ్లు చేసిన పని అది. గడియారమ్మ అది చూసింది, ఇప్పటికీ మరిచిపోలేదు.

"నా తల్లిని" అంది మేడమ్. గడియారమ్మ చేతిలోంచి కాగితాల కట్ట లాక్కుని పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ చెయ్యి నెమ్మదించింది. ప్రతి పొద్దుటి గడిలోనూ అవే రెండు సంతకాలు. ప్రతి రాత్రి గడిలోనూ అవే రెండు సంతకాలు. "ఇవాళ్టికి ముప్పై తొమ్మిది రోజులు" అంది సూపర్‌వైజరుతో. "వీళ్లకు వారానికో సెలవని నా దగ్గర సంతకం పెట్టించుకున్నారు మీరు."

"మనుషులు దొరకడం లేదు మేడమ్."

"అది మూడు వారాలుగా వింటున్నాను." గడియారమ్మ వైపు తిరిగింది. "నువ్వు బయటికి వెళ్లు. ఇప్పుడే."

ఆమె నోటే ఇదంతా విన్న నేను, అది అన్యాయమని అనను. ఆ గదిలో అలా అనే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉంది.

వెళుతుంటే గుసగుసక్క అడ్డం వచ్చింది.

"నువ్వేనా?"

"నేనే అక్కా."

"నిజంగా నువ్వేనా? నన్ను కాపాడాలని అనడం లేదు కదా?"

"నేనే. మూడూ పదికి."

"నా చెయ్యి కాదు?"

"కాదు."

గుసగుసక్క చేతిరుమాలు ముడి పళ్లతో విప్పుకుంది. మణికట్టు తిప్పి చూసుకుంది. అప్పుడు ఆ ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆవిడ గొంతు పైకి లేచింది. వీధిలోకి వినిపించేంత పైకి.

"ఇరవై రోజులు. ఈ ఇరవై రోజుల్లో నా మనవరాలు బోర్లా పడటం నేర్చుకుంది. అందరూ మంచం చుట్టూ చేరారు. నేను వంటగదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. తెలుసా నీకు?"

గడియారమ్మ మెట్లు దిగింది. కింద షాపు షట్టరు ఇంకా మూసే ఉంది.

పోలీసులు రాలేదు. జాబితాలో గడియారమ్మ పేరు ఎక్కింది. ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. అతను అన్నం కంచం పక్కకు జరిపి, "నన్ను తిప్పినప్పుడు ఎప్పుడూ నొప్పి పెట్టలేదే నువ్వు" అన్నాడు. అది ఓదార్పో ప్రశ్నో ఆమెకు తెలియలేదు. కూతురికి చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

ఇప్పుడు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. వార్డులో పని ఇస్తామంటే తనే వద్దంది. అటెండెంట్ల సంఘం ఇప్పుడు ఏజెన్సీల ముందు పెట్టిన కోరికల్లో ఒకటి, ఒంటి బొమ్మ కాగితం మీద పేషెంటు మచ్చల పక్కనే ఇంకో గడి కావాలని: ఈ అటెండెంటుకు సెలవు దొరికి ఎన్ని రోజులయింది. ఆ గడి అడగమన్నది గడియారమ్మే. మీటింగులో చివరి కుర్చీలో కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. "దయ నేర్పండి, వద్దనను. అది పని చేస్తుంది. నిద్ర కూడా ఇవ్వండి" అంది. ఏజెన్సీలు ఇంతవరకు జవాబివ్వలేదు.

కసరత్తు మానలేదు. సొంత ఇంటి గుమ్మంలో కూడా చెయ్యి ఆనించి మూడు ఊపిర్లు తీసుకున్నాకే లోపలికి వెళుతుంది. 'నీకు భయం లేకుండా ఉండాలి' అనే మాటను తనకోసం మాత్రం ఎప్పుడూ అనుకోదట. తను భయపడుతూ ఉండటమే అందరికీ క్షేమం అంటుంది. అది సరికాదని నేను వాదించాను. వినలేదు.

పోయిన నెల బస్సులో గుసగుసక్క కనిపించింది. ముందు సీట్లో, కిటికీ పక్కన. ఒళ్లో మనవరాలు నిలబడి అద్దం మీద అరచేతులతో కొడుతోంది. గుసగుసక్క కుడి చెయ్యి పిల్ల నడుం చుట్టూ ఉంది, ఏ రుమాలూ లేకుండా. పిల్ల చెవిలో ఏదో గుసగుసగా చెబుతూ తల తిప్పి, గడియారమ్మను చూసింది. పలకరించలేదు. చూపు తిప్పుకోనూ లేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

గడియారమ్మ రెండు స్టాపుల ముందే దిగి, మిగతా దూరం నడిచింది.